సూది విన్న మోత

పంపాపతికి ఆ మోత మొదటిసారి వినబడింది ఒక ఆదివారం మధ్యాహ్నం, రెండు పాటల మధ్య. సన్నాయి రికార్డు తిరుగుతోంది. ఒక కీర్తన అయిపోయి రెండోది అందుకునేలోపు సూది ఖాళీ గీతలో నడిచే నాలుగైదు క్షణాలుంటాయి. చిన్న చిటపట తప్ప ఇంకేమీ ఉండని ఆ చోట, ఎక్కడో అడుగునుంచి 'గూ' అని వచ్చింది. మూతేసిన కుండలో తుమ్మెద తిరుగుతున్నట్టు. పాట మొదలయ్యాక కూడా అది పోలేదు. సన్నాయి కింద నేలబారుగా పాకుతూనే ఉండి, కొంతసేపటికి ఉన్నట్టుండి ఆగిపోయింది.

అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఉమా, నీకేమన్న వినొస్తాందా?" అని వంటింట్లోకి కేకేశాడు.

"పాట వినొస్తాంది. ఇంకేం వినరావాలె?" అంది ఉమారాణి, పోపు గిన్నె దించుతూ.

పంపాపతి మళ్లీ అడగలేదు. రెండోసారి అడిగితే ఆమె వచ్చి పక్కన కూర్చుని, చెవి పెట్టి విని, "నాకేం వినొస్తలేదు" అంటుందేమోనని అతని భయం. ఆ మాట వినకుండా ఉన్నంతవరకే గుండె నిలుస్తుందనిపించింది.

వాళ్లది రాయచూరు కోటగోడ వెనక సందులో తాతలనాటి ఇల్లు. నడిమింటికీ వంటింటికీ మధ్య ఇటుక గోడ లేదు, టేకు చెక్కల అడ్డుగోడ ఒకటే ఉంది. దానికి కొట్టిన పలక మీద రికార్డు ప్లేయరు ఉండేది. ఊరంతా క్యాసెట్లకు మళ్లినా పంపాపతి మాత్రం దాన్ని వదల్లేదు. వారమంతా చెవుల్లో ఇనుము మోగే మనిషికి ఆదివారం ఒక సన్నాయి కావాలి.

అతను కృష్ణ ఒడ్డున కరెంటు కార్ఖానాలో ఫిట్టరు. పొగగొట్టాలు లేచి అప్పటికి ఏడేళ్లు. పంపులూ మోటార్లూ తిరిగే ఆ హాల్లో అతని పని చూడటం కాదు, వినడం. మూరన్నర ఇనుప కడ్డీ ఒక కొస ఇరుసును మోసే బేరింగు డొక్కకు ఆనించి, రెండో కొస చెవి ఎముకకు ఆనించి కళ్లు మూసుకుంటాడు. లోపల ఇరుసు నూనె మీద సాఫీగా జారుతోందో, ఎక్కడైనా రాసుకుంటోందో చెబుతాడు. మీటర్లు ఉన్నాయి. అయినా ఇంజనీర్లు మీటరు చూశాక అతని మొహం వైపు చూసేవాళ్లు.

ఆ కడ్డీ పట్టుకోవడం అతనికి నేర్పింది అయ్యప్ప. పదేళ్లు పెద్దవాడు, ఆ హాల్లో అందరికంటే మంచి చెవి. ఒకరోజు టీ తాగుతూ అయ్యప్ప చెప్పాడు: "చెవుల ఏందో మోగుతాంది పంపా. మొదలు పాట వింటుంటే సందుల వచ్చేది. ఇప్పుడు బువ్వ తింటున్నా వస్తాంది." ఆ తర్వాత రెండు నెలలకు, నెత్తి మీద క్రేను ఒక పెద్ద వాల్వును మోసుకొస్తుంటే అయ్యప్ప దాని దారిలోకి నడిచాడు. క్రేనువాడు మూడుసార్లు హారన్ కొట్టాడు. హాలంతా తలెత్తి చూసింది, అయ్యప్ప ఒక్కడే చూడలేదు. పంపాపతి వెనకనుంచి అంగీ పట్టుకుని లాగాడు. అంగీ గుండీలు తెగి కింద రాలాయి. ఇనుప ముద్ద అయ్యప్ప తల ఉన్న చోటినుంచి ఊగుతూ పోయింది.

దవాఖానాలో చెవి పరీక్ష చేసి, అయ్యప్పను గేటు దగ్గర టోకెన్లు ఇచ్చే పనిలో వేశారు. ఎవరైనా పలకరిస్తే పెదాల వైపు బెదురుగా చూసేవాడు. కొన్నాళ్లకు పలకరించేవాళ్లు తగ్గిపోయారు.

కాబట్టి పాటల సందులో మోత అంటే ఏమిటో పంపాపతికి తెలుసు. తెలుసనే అనుకున్నాడు. ప్లేయరు ఆపేస్తే మోత ఉండదు. కానీ అయ్యప్పకూ మొదట పాట ఉన్నప్పుడే వచ్చింది కదా! ఆ రాత్రి మంచం మీద రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు. లోపల 'గూ' అని వినబడింది. చెవులు మూసుకుంటే ఎవరికైనా తన ఒంటి మోత తనకు వినబడుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చేతులు తీసేసి తెల్లారేదాకా కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

ఏటేటా జరిగే చెవి పరీక్ష ఆపై బుధవారం. ఇంకా పది రోజులుంది.

అసలు సంగతి శుక్రవారం జరిగింది. బాయిలరుకు నీళ్లు తోసే పెద్ద పంపులు మూడు. రెండు నడుస్తుంటే ఒకటి ఊరికే ఉంటుంది. ఆ వారం మూడోదాన్ని విప్పేశారు. హంపయ్య అనే గిల్లేసూగూరు మనిషీ, అతని జట్టులో ఇంకో నలుగురూ దాని పక్కనే చాప పరుచుకుని పని చేస్తున్నారు. వాళ్లకు నాలుగడుగుల దూరంలో రెండో పంపు నిండు వేగంతో తిరుగుతోంది.

షిఫ్టు ఇంజనీరు గోపీచంద్ విజయవాడ వైపునుంచి వచ్చినవాడు, ముప్పయ్యేళ్లుంటాయి. రెండో పంపు నూనె కొంచెం వేడెక్కిందని మీటరు చూసి పంపాపతిని పిలిచాడు.

పంపాపతి కడ్డీ ఆనించి కళ్లు మూసుకున్నాడు. జారుడు శబ్దం బాగానే ఉంది. దాని అడుగున, చాలా లోతుగా, 'గూ'.

కడ్డీ తీసి రెండో చెవికి పెట్టాడు. అక్కడా అదే. ఆదివారంనాటి మోతే ఇది, నా వెంట ఇక్కడికి కూడా వచ్చింది అనుకున్నాడు. బేరింగు ఖరాబైందని చెబితే పంపు ఆపుతారు. మూడోది విప్పి ఉంది కాబట్టి సగం కరెంటు ఆగిపోతుంది. తీరా విప్పి చూశాక లోపల అద్దంలా నున్నగా ఉంటే? పంపాపతి చెవి పోయిందన్న మాట సాయంత్రానికి గేటు దాకా పోతుంది.

"ఏమంటారు పంపాపతి గారూ?" అన్నాడు గోపీచంద్.

"బాగుంది సార్."

"ఖాయమేనా?"

"ఖాయం సార్."

గోపీచంద్ ఆ మాటే పుస్తకంలో రాసి వెళ్లిపోయాడు. శనివారం పంపాపతి ఆ పంపు దిక్కుకే పోలేదు. అటు పోవాల్సి వస్తే మెట్లెక్కి చుట్టూ తిరిగి వెళ్లాడు.

ఆదివారం పొద్దున ప్లేయరును తువ్వాలలో చుట్టి, తీన్ కందిల్ కూడలి దగ్గర హుసేనప్ప దుకాణానికి తీసుకెళ్లాడు. హుసేనప్ప రేడియోలూ ప్లేయర్లూ బాగుచేసే ముసలాయన. తన చెవి సంగతి ఎవరికీ చెప్పకుండా తేల్చుకోవాలంటే పంపాపతికి తోచిన దారి అదొక్కటే.

"కాకా, ఇందుల ఏందో మోత వస్తాంది. జర చూడు."

హుసేనప్ప ప్లేయరును బల్ల మీద పెట్టి, రికార్డు వేసి, సూది దించాడు. పాట వచ్చింది. పాటల సందు వచ్చింది. చిటపట తప్ప ఏమీ లేదు.

"ఏది మోత?" అన్నాడు హుసేనప్ప.

పంపాపతి మొహంలో నెత్తురు లేదు. మిషను మంచిదేనంటే చెడ్డది తనలోనే ఉన్నట్టు! తనకు కూడా ఇక్కడ ఆ మోత వినబడలేదన్న సంగతి ఆ గాబరాలో అతనికి తట్టనే లేదు.

"అట్ల పరేషాన్ అయితవేంది? ఇంట్ల యాడ పెట్టినవ్ దీన్ని?"

"చెక్కగోడకు పలక ఉంది. దాని మీద."

"గోడ అవతల?"

"వంటిల్లు."

"వంటింట్ల గోడకు ఆనుకొని ఏముంది?"

పంపాపతి ఆలోచించాడు. "ఫ్రిజ్. మొన్న ఉగాదికి తెచ్చినం."

హుసేనప్ప సూదిని ఆగి ఉన్న రికార్డు మీద దించి, శబ్దం పెంచి, బల్ల అంచున గోటితో ఒక్కసారి తట్టాడు. స్పీకరులోంచి 'ఢబ్' అని తలుపు బాదినట్టు వచ్చింది. పంపాపతి ఉలిక్కిపడ్డాడు.

"చూస్తివా? సూదికి పాట వేరు, అదురు వేరు అని తెల్వదు. కదిలిందంతా దానికి పాటనే. నీ ఫ్రిజ్ గోడను అదరగొడ్తది, గోడ పలకను, పలక మిషను. సూది అదంతా విని మనకు చెప్తది. ఫ్రిజ్ మోటరు ఆగితే మోత ఆగుతది. నీది గిట్లనే వస్త పోత ఉంటదా?"

"వస్త పోత ఉంటది."

"మరి ఇంకేంది! చిన్నపిల్లల సైకిల్ ట్యూబు ఒకటి కొను. కొంచెం గాలి కొట్టు, మెత్తగుండాలె. దాని మీద బరువు షాబాదు బండ ఒకటి పెట్టు. బండ మీద మిషను పెట్టు. అదురు ట్యూబుల్నే చస్తది. స్పీకరు మాత్రం ఆ పలక మీద పెట్టకు, కింద వేరే పెట్టు. పో."

నమ్మాలని ఎంతో ఉన్నా పంపాపతికి పూర్తిగా నమ్మకం కుదరలేదు. ముసలాయన ధైర్యం కోసం చెప్పాడేమోననిపించింది. అయినా ట్యూబు కొన్నాడు. పెరట్లో బట్టలుతికే చోట మిగిలిపోయిన చదరపు షాబాదు బండ ఒకటి ఉంటే కడిగి లోపలికి తెచ్చాడు.

"ఏందయ్య ఇది? పాటకు గద్దె కడ్తున్నవా?" అంది ఉమారాణి.

"నువ్వు వంటింట్ల ఫ్రిజ్ కాడ నిలబడు. మోటరు మొదలైతే చెప్పు, ఆగితే చెప్పు."

మొదట తొందరపడి పాత స్పాంజి చెప్పులు కోసి, ముక్కలు ప్లేయరు కాళ్ల కింద పెట్టి చూశాడు. మోత సగమే తగ్గింది. తర్వాత ట్యూబు. గాలి ఎక్కువైతే గట్టిపడి మోత అంతా పైకి వచ్చింది. మరీ తీసేస్తే బండ దిగిపోయి పలకకు తగిలింది. గాలి కొంచెం కొంచెంగా వదులుతూ, బండ మీద గోలీ ఒకటి పెట్టి అది దొర్లకుండా నిలిచేదాకా మట్టం సరిచూసుకుంటూ, అరగంట పట్టింది. చివరకు బండను వేలితో నొక్కితే నీళ్ల మీద పడవలా నెమ్మదిగా దిగి, నెమ్మదిగా లేచింది. స్పీకరు నేల మీదకు దించి సూది వేశాడు.

"మోటరు నడుస్తాందా?"

"నడుస్తాంది."

కీర్తన అయిపోయింది. సందు వచ్చింది. నిశ్శబ్దం.

"ఇప్పుడు?"

"నడుస్తనే ఉంది అంటుంటిని గద!"

పంపాపతి నేల మీద కూలబడి నవ్వాడు. పది నిమిషాలు ఒకటే నవ్వు. రికార్డు మళ్లీ మొదటినుంచి వేశాడు. సన్నాయి వెనక డోలు మీద పడే వేళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా వినబడుతున్నాయి. ఇన్నేళ్లూ ఆ వేళ్లు ఏదో ఒక అదురు కింద కప్పబడి ఉన్నట్టే ఉంది. నా చెవి బాగుంది, నా చెవికేం కాలేదు, అని పైకే అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చాక నవ్వు ఆగిపోయింది.

చెవి బాగుంటే, శుక్రవారం కడ్డీలో విన్నది ఏమిటి?

ఉమారాణి తలుపు దగ్గరికి వచ్చేసరికి అతను అంగీ వేసుకుంటున్నాడు, గుండీలు పైవి కిందికీ కిందివి పైకీ. "బువ్వ తినిపో" అంటే వినలేదు. మందుల దుకాణంలో ఫోనుంటే అక్కడికి పరుగెత్తాడు. కార్ఖానా నంబరు మూడుసార్లు తిప్పితే మూడుసార్లూ ఖాళీ లేదు. రెండో షిఫ్టు బస్సు కదులుతుంటే ఎక్కాడు.

బస్సులో వాళ్లంతా అతని ఇంటి లుంగీ చూసి నవ్వారు. అతనికి పట్టలేదు. ఆదివారమైనా మూడో పంపు పని ఆగలేదని తోటివాడొకడు చెప్పాడు. అంటే హంపయ్య జట్టు ఈ నిమిషం ఆ రెండో పంపు పక్కనే కూర్చుని ఉంది. ఆ వేగంలో ఇరుసు బిగుసుకుపోతే ఇనుము ముక్కలవుతుంది, లోపలున్న మరిగే నీళ్లు ఆ ఒత్తిడితో బయటికి తన్నుతాయి. నాలుగడుగుల దూరంలో ఉన్నవాళ్లకు లేచి నిలబడే వ్యవధి కూడా ఉండదు. మలుపు తిరిగి పొగగొట్టాలు కనబడగానే వాటినుంచి పొగ మామూలుగా లేస్తోందో లేదో చూశాడు. లేస్తోంది. అయినా సీటులో కూర్చోలేక లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

గోపీచంద్ ఆ రోజూ డ్యూటీలోనే ఉన్నాడు.

"శుక్రవారం నేను మీకు అబద్ధం చెప్పిన సార్," అన్నాడు పంపాపతి, గది గుమ్మంలోనే నిలబడి. "మోత విన్న. నా చెవుల ఉందనుకున్న. భయపడి బాగుందని చెప్పిన."

గోపీచంద్ కుర్చీలోంచి లేచాడు. "మీరు బాగుందన్నారు కాబట్టే వాళ్లని అక్కడ కూర్చోనిచ్చానండీ," అన్నాడు చాలా మెల్లగా.

ఇద్దరూ పరుగులాంటి నడకతో వెళ్లారు. ముందు హంపయ్య వాళ్లను అక్కడినుంచి లేపారు. వాళ్లు సద్దులు విప్పుకుని ఉన్నారు. జొన్నరొట్టె చేతిలో పట్టుకునే హంపయ్య "ఏమైందన్నా?" అని అడిగితే పంపాపతి దూరంగా పొమ్మని చెయ్యి చూపాడు.

కడ్డీ ఆనించాడు. ఈసారి 'గూ' కి పక్కన ఇంకోటి కూడా ఉంది. ఇసుక నములుతున్నట్టు, ఉండుండి.

"మీరు వినండి సార్."

గోపీచంద్ కడ్డీ తీసుకుని చాలాసేపు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "నాకేం తేడా తెలీట్లేదండీ. మీటరు కూడా హద్దులోనే ఉంది." కడ్డీ తిరిగిచ్చి పంపాపతి కళ్లలోకి చూశాడు. "మొన్న బాగుందన్నారు, ఇవాళ కాదంటున్నారు. ఆపితే పైవాళ్లకి నేను జవాబు చెప్పుకోవాలి. ఒక్క మాట చెప్పండి. ఆపనా?"

పంపాపతి జీవితంలో అంత భయం ఎన్నడూ పడలేదు. మోత నిజమైతే ఒక భయం, కాకపోతే ఇంకొకటి. రెండింటి మధ్యా ఉన్నది తన చెవి ఒక్కటే. వారం రోజులుగా తానే నమ్మని చెవి అది.

"ఆపండి సార్," అన్నాడు.

గోపీచంద్ ఫోనెత్తాడు. కాసేపటికి కరెంటు ఉత్పత్తి తగ్గించి, పంపు మోటరు ఆపేశారు. అంత పెద్ద ఇరుసు వెంటనే ఆగదు. వేగం తగ్గుతూ, తగ్గుతూ, నిలవబోయే ముందు గచ్చు మీద కొడవలి గీసినట్టు ఒక కీచు లేచింది. అది వినడానికి కడ్డీ అక్కర్లేకపోయింది. రెయిలింగు అవతల దూరంగా నిలబడ్డ హంపయ్య కూడా విన్నాడు. రొట్టె అతని చేతిలోంచి జారిపోయింది.

సోమవారం విప్పి చూస్తే, బేరింగు లోపల ఇరుసు ఆనే మెత్తని తెల్లలోహపు పూత అరచేతి మేర పెచ్చులేచి ఉంది. ఇరుసు చుట్టూ నీలిరంగు మచ్చ, కాలిన గుర్తు. ఒకటి రెండు రోజులకు మించి నడిచేది కాదన్నారు.

గోపీచంద్ పుస్తకంలో జరిగినదంతా ఉన్నదున్నట్టు రాశాడు. పంపాపతికి హెచ్చరిక కాగితం వచ్చింది. దానికి అతను బాధపడలేదు. బాధపడింది హంపయ్య మాటకు. "మూడు రోజులు ఆడ్నే కూసొని తిన్నం అన్నా. నువ్వు మెట్లెక్కి చుట్టు తిరిగి పోతుంటే చూసిన. ఎందుకో అనుకున్న." అంతే అని, తిట్టకుండా వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని పంపాపతి చాలాసార్లు అనుకున్నాడు.

ఉమారాణికి సోమవారం రాత్రే మొత్తం చెప్పాడు. ఆమె విని మొహం తిప్పుకుంది. "మొదటి దినమే నాకు చెప్పుంటే వచ్చి పక్కన కూసుంటుంటి గద," అంది. "నీకు వచ్చే మోత నాక్కూడా వస్తాందా లేదా, రెండు నిమిషాల్ల తేలిపోతుండె."

బుధవారం పరీక్ష రానే వచ్చింది. అద్దం గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, శబ్దం వినబడితే మీట నొక్కమన్నారు. బొంగురు శబ్దాలన్నీ నొక్కాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు. పరీక్ష అయిపోయిందనుకుని కూర్చున్నాడు. అద్దం అవతల నర్సు చెయ్యి ఇంకా గుండ్రని మీటలు తిప్పుతూనే ఉంది. ఆమె ఒకసారి తలెత్తి అతన్ని చూసి, కాగితం మీద ఏదో రాసుకుని, మళ్లీ తిప్పింది. నిశ్శబ్దంలో పంపాపతికి అప్పుడు అర్థమైంది, ఆమె శబ్దాలు పంపుతూనే ఉంది.

లోతు శబ్దాలకు చెవి గట్టిగానే ఉందనీ, సన్నవి మూడోవంతు పోయాయనీ, పోయినవి తిరిగి రావనీ డాక్టరు చెప్పాడు. హాల్లో చెవితొడుగులు లేకుండా నిలబడకూడదు, ఆరు నెలలకొకసారి పరీక్షకు రావాలి. నౌకరీ ఉంది. భయం కూడా ఉంది. ఈసారి దానికి కొలతలున్న కాగితం ఒకటి ఉంది, అంతే తేడా.

ఆ కాగితాన్ని అతనే తీసుకెళ్లి గోపీచంద్ బల్ల మీద పెట్టాడు. ఇకమీదట ఏ బేరింగునూ ఒక్కరి చెవి మీద వదలొద్దనీ, తనతోపాటు ఇంకొకరు వినాలనీ అడిగాడు. ఎవరు వింటారని గోపీచంద్ అడిగితే, మొదట ఎవరూ ముందుకు రాలేదు. రెండు వారాల తర్వాత హంపయ్య వచ్చాడు.

"నేర్పు," అన్నాడు. "కానీ ఒక్క మాట. ఇద్దరం వేరువేరుగ వినాలె. నేను వినకముందే నువ్వు చెప్పొద్దు. ఇద్దరం ఒక్కసారే చెప్దాం."

అలాగే చేశారు, పంపాపతి రిటైరయ్యేదాకా పదకొండేళ్లు. కడ్డీ దించాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకేసారి చెప్పేవాళ్లు. మాట కలవని రోజు పంపును ఆపి విప్పేవాళ్లు. అలా విప్పింది మూడుసార్లు. రెండుసార్లు లోపల అద్దంలా ఉంది. ఆ రెండుసార్లూ ఎవరూ నవ్వలేదు.